పేజీ మూయని లైనమ్మ

పొద్దున్నే లేచి మొహం కడుక్కోగానే లైనమ్మ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, కళ్లు మూసుకుని, తన వాళ్లందరినీ ఒక్కొక్కరినే పేరుపేరునా దేవుడికి అప్పజెప్పేది. "వీళ్లని చల్లగా చూడు తండ్రీ, నా సంగతి తరవాత చూద్దువుగాని" అని ముగించేది. ఆ తరవాతే ఒళ్లోకి ట్యాబ్లెట్ తీసుకునేది. తెర వెలగగానే, "నమస్కారమండీ, చెప్పండి" అనేది. తెరకి నమస్కారమేమిటని ఎవరైనా నవ్వితే తనూ నవ్వేది గాని, మానేది మాత్రం కాదు.

ముప్పై నాలుగేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ప్రతి పిలుపునీ ఆ మాటతోనే అందుకున్న మనిషి మరి. లైనమ్మ అన్న పేరు అక్కడ అంటుకున్నదే. అసలు పేరు రేషను కార్డులోనూ పింఛను కాగితంలోనూ మిగిలింది.

నమస్కారం అయ్యాక ఆమె చదివేది ఒకే ఒక్కరి రాతలు. ఆవిడని రెండో బోర్డు అక్క అనేవారు. ఎక్స్ఛేంజిలో తీగలు గుచ్చి పిలుపులు కలిపే బోర్డుల్లో లైనమ్మది మూడోది, ఆవిడది రెండోది. మోచేతులు రాసుకునేంత దగ్గరగా ఎత్తు పీటల మీద ఇద్దరూ పాతికేళ్లకి పైగా కూర్చున్నారు. ఇప్పుడు అక్క వేరే ఊళ్లో, ఒంటరిగా ఉంటోంది. ఏళ్ల తరబడి చెవుల్లో మోగిన మోతకో, వయసుకో, రెండు చెవులూ పూర్తిగా పోయాయి. "వినపడని దానికి ఫోనెందుకు, అలంకారానికా?" అని ఉన్న ఫోను ఎవరికో ఇచ్చేసింది. ఓడ మీద ఉద్యోగం చేసే మేనల్లుడు సెలవుకి వచ్చినప్పుడు ఆవిడకో కంప్యూటరు కొనిచ్చి, ఇంటర్నెట్లో సొంతంగా రాసుకునే చోటు ఒకటి ఏర్పాటు చేశాడు. ఆవిడ రాతల కిందికొచ్చి ఎవరెవరో పిచ్చిరాతలు రాస్తున్నారని దానికి తాళం కూడా వేశాడు. చదవడం ఎవరైనా చదవచ్చు, జవాబు రాయడం మాత్రం లైనమ్మ ట్యాబ్లెట్ నుంచే. పాస్‌వర్డేమిటో ఆమెకే తెలియదు, అది ట్యాబ్లెట్ కడుపులో ఉంది.

అక్క రోజుకో పేజీ రాసేది. గోడ మీద ఎండ ఎంతవరకు వచ్చిందో, మెట్ల మీద జారబోతే ఏ పిల్ల చెయ్యందించిందో, అలాంటివే. లైనమ్మ చదివి, కింద రెండు ముక్కలు రాసేది. ఏడాదీ ఎనిమిది నెలలుగా ఒక్క రోజు తప్పలేదు.

అలాంటిది ఒక వారం నుంచి ఆ పేజీ తెరవగానే తెర ఒకసారి వణికి, అన్నీ మాయమై, మొదటికొచ్చేసేది. "లైను బిజీగా ఉంది కాబోలు" అనుకుని ఓపిగ్గా మళ్లీ తెరిచేది. నాలుగుసార్లకి ఒకసారి నిలబడేది. చదవడం అయ్యేది, రాయడం అయ్యేది కాదు.

గురువారం పొద్దున ఎలాగో నిలబడ్డ పేజీలో అక్క ఇలా రాసింది:

"ఇల్లుగలాయన ఇల్లు అమ్ముకుంటున్నాడు. పాపం మంచివాడే, చెప్పలేక చెప్పాడు. పెద్దవాళ్లని చూసుకునే ఆశ్రమంలో నాకో మంచం ఖాళీగా ఉందట. శనివారం సాయంత్రం నాలుగున్నరకి వాళ్ల బండి వస్తుంది. మీ ఆయన పోయినప్పుడు, నా దగ్గరికి వచ్చెయ్యి అక్కా అన్నావు. ఆ మాట ఇంకా ఉందా? మొహమాటపడకు. బండి వచ్చేలోగా నీ కబురు రాకపోతే కాదన్నావనుకోను, కుదరలేదనుకుంటాను."

లైనమ్మ వెంటనే, "అక్కా, ఉంది. నీ మంచం కిటికీ పక్కన" దాకా రాసింది. తెర వణికింది. పోయింది. మళ్లీ రాసింది. "అక్కా, ఉం" దగ్గరే పోయింది. ఆ రోజు పద్దెనిమిదిసార్లు రాసింది. ఉత్తరం రాస్తే చేరేసరికి మంగళవారం అవుతుంది. ఇల్లుగలాయన ఫోను నంబరు తెలియదు, అంత దూరం బస్సులో వెళ్లే ఓపిక లేదు. మేనల్లుడు ఏ సముద్రం మీద ఉన్నాడో ఆ సముద్రానికే తెలియాలి.

శుక్రవారం మరిదికి కబురు పెట్టింది. మరిది ఎలక్ట్రీషియను, వీధి చివర దుకాణం. అన్న పోయిన దగ్గర్నుంచి వదిన ఇంట్లో బల్బు మారినా, కుళాయి కారినా పిలవకుండానే వచ్చేవాడు. చేసిన సాయం కనపడకుండా ఉండాలని వచ్చినంత సేపూ వెక్కిరిస్తూ ఉండేవాడు.

"ఏం వదినా, దీన్ని కూడా నస పెట్టి చంపేశావా?"

"నోటికి తాళం వేసి చేతికి పని చెప్పవయ్యా. అక్క గురించి చెప్పానుగా."

ఆర్పి వెలిగించాడు. కొత్త అప్‌డేటేదో దింపాలని గంటసేపు దింపాడు. తెర తుడిచాడు. పాత ఫొటోలు, ఎవరో పంపిన పాటలు తీసేసి జాగా చేశాడు. అన్నీ అయ్యాక పేజీ తెరిస్తే, మూడు లెక్కపెట్టేలోగా ఎగిరిపోయింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టుంది వ్యవహారం. చీకటి పడ్డాక తల గోక్కుంటూ వెళ్లి, శనివారం పొద్దున తొమ్మిదింటికల్లా మళ్లీ వచ్చాడు.

ఈసారి ఇంటర్నెట్ ఆపేసి తెరిచాడు. విచిత్రంగా పేజీ ఎగిరిపోలేదు. అక్కడా ఇక్కడా నొక్కుతూ ఒక మూల చిన్న గడిని ముట్టుకున్నాడు. అంతే, తెర నిండా చీటీల్లాంటి బొమ్మలు పరుచుకున్నాయి. వేలితో పైకి తోస్తూ పోయాడు. తోసినకొద్దీ వస్తూనే ఉన్నాయి.

"ఇవేమిటి వదినా?"

"అక్క రాసినవి."

"రాసినవి సరే. చదివాక ఒక్కటి కూడా మూయలేదా? ఆరు వందల పన్నెండు పేజీలు తెరిచే ఉన్నాయి! ఒకే ప్లగ్గుకి ఆరు వందల ఇస్త్రీపెట్టెలు తగిలించినట్టుంది. తెరిచినప్పుడల్లా పాపం అన్నిటినీ మొయ్యాలని చూసి కూలబడుతోంది. ఇదిగో, అన్నీ ఒక్కసారే మూసే మీట ఉంది, నొక్కేస్తా."

లైనమ్మ అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. "వద్దు. అవతల మనిషి ఉండగా తీగ పీకెయ్యమంటావా?"

ఆ మాట వెనక పెద్ద కథే ఉంది. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు అది. పొడవాటి గది, ఎదురుగా చిల్లులు చిల్లుల బోర్డులు, గుత్తులుగా తీగలు, వేడెక్కిన చెక్క వాసన. ఒకాయన వారానికోసారి దూరపు ఊరు నుంచి వాళ్లమ్మకి ఫోను చేసేవాడు. ఆ రోజు మధ్యలో రెండు వైపులా చప్పుడు లేదు. లైనమ్మ పది లెక్కపెట్టింది. మాటలు అయిపోయాయనుకుని తీగ పీకేసింది. కాసేపటికి ఆయన మళ్లీ లైనులోకి వచ్చాడు. తిట్టలేదు. "మా అమ్మ ఏడుస్తోందండీ. నేనూ ఏడుస్తున్నాను. అందుకని మాట్లాడలేదు. ఎందుకు తీసేశారు?" అన్నాడు. ఆ రోజుల్లో దూరపు లైను మళ్లీ దొరకాలంటే పూట పట్టేది. పక్క బోర్డు అక్క అన్నం మధ్యలో లేచి, ఎంగిలి చెయ్యి కడుక్కుని వచ్చి, దారిలో ఉన్న నాలుగు ఊళ్ల ఆపరేటర్లని, "తల్లీ, పుణ్యముంటుంది, ఒక్క లైనియ్యి" అని బతిమాలుకుంటూ, ఇరవై నిమిషాల్లో ఆ తల్లినీ కొడుకునీ కలిపింది. ఆ తరవాత డబ్బా మూత పెడుతూ, "మాట ఆగిందని అయిపోయినట్టు కాదే పిల్లా" అంది. అంతే. ఇంకొకరైతే ఊరంతా చెప్పేవారు. అక్క ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. లైనమ్మ మళ్లీ ఎన్నడూ, రెండు వైపులా ఫోను పెట్టేశారని తెలిస్తే తప్ప తీగ తీయలేదు.

అదే అలవాటు ఈ తెర మీదికీ వచ్చింది. పేజీ మూస్తే అక్కడ, ఆ చెవులు వినపడని మనిషికి, ఠక్కుమని తెగినట్టు తెలుస్తుందని ఆమె భయం. పైకి చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పింది.

మరిది నవ్వలేదు. "వదినా, ఇది లైను కాదు. ఉత్తరం. నువ్వు ఉత్తరం చదివి మడిచి పెట్టుకుంటే రాసినవాళ్లకి నొప్పి పుడుతుందా?"

"మూస్తే రాసింది పోదూ?"

"పోదు. చూపిస్తాను. నువ్వే ఒకటి మూయి."

అన్నిటికన్నా పాతదాన్ని, మెట్ల మీద చెయ్యందించిన పిల్ల సంగతి ఉన్న పేజీని మూసింది. మరిది తన ఫోనులో అక్క చోటు తెరిచి, వెనక్కి వెనక్కి వెళ్లి, ఆ పేజీనే తెచ్చి చూపించాడు. అక్షరం తగ్గలేదు. లైనమ్మ అటూ ఇటూ తిప్పి చూసింది. కళ్లు తుడుచుకుంది.

"ఇక మీట నొక్కనా?"

"ఒక్కటొక్కటే తీస్తాను."

"టైము పదిన్నర వదినా! నాలుగున్నరకి బండి!"

"ఆరు వందల రోజులు నాతో మాట్లాడిన మనిషి. అన్నీ ఒకే గంపలో గుమ్మరించినట్టు గుమ్మరిస్తే ఎట్లా?"

మరిది దండం పెట్టి దుకాణం మూసి వచ్చాడు. ఆమె ఒక్కో చీటీ మీద తేదీ చూసి, "అయిందండీ, పెట్టేస్తున్నాను" అని మూసేది. కొన్నిచోట్ల ఆగి, "ఈ రోజే అక్కకి జ్వరం" అనేది. ఇంకోచోట పకపకా నవ్వింది. మధ్యాహ్నం అన్నం కంచం పక్కనే చల్లారిపోయింది. మరిది గోడ గడియారం వంక చూసి, ఏదో అనబోయి, మంచినీళ్ల గ్లాసు తెచ్చి ఆమె చేతికిచ్చాడు. అంత నోరున్న మనిషి అంత సేపు ఊరుకోవడం దేవుడి దయే అనుకోవాలి.

మూడు ఇరవైకి చివరి చీటీ మిగిలింది. గురువారం నాటిది. అది మూయలేదు. మరిది ఇంటర్నెట్ కలిపాడు. తెర వణకలేదు. లైనమ్మ రాసింది:

"అక్కా, ఉంది. నీ మంచం కిటికీ పక్కన వేయించాను. బండిని వెనక్కి పంపెయ్యి. మూడు రోజులు జవాబివ్వనిది నేను కాదు, ఈ పెట్టె. వచ్చెయ్యి."

పంపింది. వెళ్లింది. వెళ్లిందన్న గుర్తు పడ్డాక కూడా ఇద్దరూ తెర వంక చూస్తూనే కూర్చున్నారు. నాలుగు అయింది. నాలుగుంపావు అయింది. మరిది రెండుసార్లు లేచి రెండుసార్లు కూర్చున్నాడు. లైనమ్మ కళ్లు మూసుకుంది. ఈసారి దేవుడికి ఒక్క పేరే చెప్పింది.

నాలుగూ ఇరవైకి కొత్త పేజీ వచ్చింది.

"ఇప్పుడే చూశాను. మూట కట్టుకుని గుమ్మంలో కూర్చున్నదాన్ని, ఎందుకో లేచి మళ్లీ కంప్యూటరు పెట్టాను. బండివాడికి మజ్జిగ ఇచ్చి పంపేస్తాను. సోమవారం పొద్దుటి బస్సుకి వస్తున్నా. నీకు గొంతు నొప్పి పుట్టేలా అరవక్కర్లేదు పిల్లా, ఇప్పుడు పెదాలు చూసి మాటలు పట్టుకోవడం నేర్చుకున్నాను. ఎదురుగా కూర్చుని మెల్లిగా మాట్లాడితే చాలు."

లైనమ్మ దాన్ని రెండుసార్లు పైకి చదివింది. మరిది, "హమ్మయ్య! సోమవారం బస్టాండుకి నేనే వెళ్లి తీసుకొస్తాలే. దారి పొడుగునా నీ చాడీలు చెప్పాలిగా" అన్నాడు.

లైనమ్మ అతని మొహం కేసి పరీక్షగా చూసింది. పై పెదవి మొత్తాన్నీ కప్పేసి, కింది పెదవి మీదికి కూడా వాలిన మీసం అది. పాతికేళ్లుగా మరిది దాన్ని పెళ్లాం మాటకన్నా ఎక్కువగా గౌరవిస్తున్నాడు.

"నిన్ను ఇంకొక్క సాయం అడగనా నాయనా? కాదనకూడదు."

"నువ్వడిగితే ఎప్పుడు కాదన్నాను వదినా? చెప్పు."

"సోమవారంలోగా ఆ మీసం కాస్త కత్తిరించుకో. అక్కకి నీ మాటలు కనపడాలి."