పుస్తకం కన్నా ముందొచ్చిన అభిప్రాయం

దయ్యాలంటే నాకు నవ్వు. ఎందుకంటే మా ఇంట్లో అందరికీ అన్నం పెట్టినవి అవే. జహీరాబాద్ బస్టాండు పక్కన మా నాయిన పుస్తకాలు అద్దెకిచ్చే షాపు నడిపేవాడు. దయ్యాల నవలలకున్న గిరాకీ ఇంక దేనికీ ఉండేది కాదు. వాటిని పట్టుకుపోయి, రాత్రంతా దీపం ఆర్పకుండా పడుకుని, పొద్దున్నే ఎర్రటి కళ్లతో తిరిగి తెచ్చే మీసాల మొనగాళ్లను చూస్తూ పెరిగినదాన్ని నేను. మొండిదాన్నని ఇంట్లో పేరు కూడా ఉంది. అయినా ఈ ఒక్క సంగతి నాకు ఇప్పటికీ కొరుకుడు పడలేదు.

మా షాపులో ఒక పద్ధతి ఉండేది. చదివిన పుస్తకం ఎట్లా ఉందో చెప్పందే నాయిన ఇంకోటి చేతికిచ్చేవాడు కాదు. ఊరికే "మంచిగుంది" అంటే ఒప్పుకునేవాడు కాదు. ఏం బాగుంది, ఏది నచ్చలేదు, విప్పి చెప్పాల్సిందే. అవతల బస్సు హారన్ కొడుతున్నా సరే.

ఇంకో అలవాటు కూడా ఉండేది. పుస్తకం తిరిగి రాగానే రెండు అట్టలూ పట్టుకుని, తలకిందులు చేసి, ఒక్కసారి దులిపేవాడు. ఊడిన కాగితాలుంటే రాలిపోతాయి. తర్వాత చివరి పేజీలను బొటనవేలితో తడిమేవాడు, ఎవరైనా చింపుకున్నారేమోనని. చూసి చూసి నాకూ అదే అబ్బింది.

డెబ్బైల మాట. నేను రెండు జడలేసుకుని బడికి పోయే రోజులు. ఒక మధ్యాహ్నం ఒకావిడ షాపులోకి వచ్చింది. యాభై దాటి ఉంటాయి. ముదురాకుపచ్చ చీర, భుజాన సంచి. అరలోంచి ఒక నవల తీసి, తలకిందులు చేసి దులిపి, చివరి పేజీలు తడిమి, మళ్లీ అక్కడే పెట్టింది. ఓయమ్మ, ఈమె అచ్చం మా నాయినలాగే చేస్తోందే అని నాకు నవ్వొచ్చింది.

నాయిన అలవాటు కొద్దీ, ఈ మధ్య ఏం చదివిన్రమ్మా అని అడిగాడు.

"సినిమా నవల. లిఫ్టుల ఎక్కి కాలం వెనక్కి పోతడు సూడు, గదే. అంత మంచిగనే ఉన్నది గని ఆఖరు నచ్చలే. తండ్రికి ఛాతిల నొప్పొస్తే డాక్టర్ వస్తడు, వస్తడు అనుకుంట కూసున్నరు. వచ్చేసరికి పాణం పోయింది. బండిల ఏస్కోని బీదర్ పెద్ద దవాఖానకు తీస్కపోతే బతుకుతుండె."

నాయిన పెద్దగా నవ్వాడు. "మన పక్కనున్న బీదర్‌ను నవలల ఎవలు పెట్టిన్రమ్మా? గసొంటి పుస్తకం నేనే సూడలే. ఏ ఊర్ల చదివిన్రు?"

"ఈడనే" అంది.

అంతే. ఆమె నాయినను అన్న అనలేదు, తమ్ముడు అనలేదు. ఏ వరసా పెట్టకుండానే మాట్లాడింది. చాలాసేపు ఆయన ముఖంలోకి చూసింది. నా తల మీద చెయ్యి పెట్టబోయి, ఎందుకో వెనక్కి తీసుకుని, బస్సుల వైపు వెళ్లిపోయింది. లిఫ్టంటే ఏందని నేను అడిగితే, మనుషులను పైకి లాగే పెట్టె, హైదరాబాద్‌ల ఉంటది అని నాయిన చెప్పాడు. నాకు ఆ రోజు బాగా గుర్తుండిపోవడానికి అదే కారణం.

ఎనభైల్లో, నేను చదువు ముగించి షాపులో కూర్చుంటున్నప్పుడు, కాలంలో వెనక్కి వెళ్లే కథతో ఒక సినిమా వచ్చింది. దాని వెంటే వెండితెర నవల కూడా అచ్చయింది. హైదరాబాద్ నుంచి మాకు ఒక ప్రతి వచ్చింది. అది షాపులో నిలిస్తే కదా! ఒకరు తెస్తుంటే ఇంకొకరు లాక్కుపోయేవారు. చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసే ఒకతను, కొడుకు పోయి చిన్నప్పటి తండ్రిని కలుసుడేంది, లెక్క కుదరదని వాదించాడు. బస్ కండక్టర్ ఒకాయన మాత్రం మురిసిపోయాడు. "టికెట్ లేకుంట గంత దూరం తిరిగొచ్చిండు. దేంట్ల అనుకున్నవ్? లిఫ్టుల!"

ఆకుపచ్చ చీర ఆవిడ చెప్పిన కథ ఇదే. నాయినకు గుర్తుచేశాను. "బీదర్ అన్నామెనా?" అని ఆయన తేలిగ్గా నవ్వేశాడు.

కొన్నాళ్లకు ఆ నవలను సంగప్ప సేటు తిరిగి తెచ్చాడు. అల్లం వ్యాపారి. బీదర్ పోవాల్సిన ఆయన లారీ బయటే ఉంది. "అన్నా, గీ బుక్కుల తండ్రికి నొప్పొస్తది సూడు, ఆడ..." అని మొదలుపెట్టాడు. వింటున్న నాయిన ఛాతీ పట్టుకుని అట్లాగే కిందికి జారిపోయాడు. చొక్కా చెమటతో తడిసి ముద్దయింది.

పక్క షాపు దర్జీ ఖాజా భాయ్ పరిగెత్తుకొచ్చాడు. డాక్టర్ కోసం మనిషిని పంపితే, ఆయన మొగుడంపల్లి పోయాడనీ, కాసేపట్లో వస్తాడనీ కబురొచ్చింది. "ఫికర్ చెయ్యకు బేటీ, డాక్టర్ సాబ్ వస్తుండు. జర కదిలియ్యకుండ్రి" అన్నాడు ఖాజా భాయ్. అందరూ అదే మాట. వస్తుండు, వస్తుండు.

ఆ మాట చెవినపడగానే ఆకుపచ్చ చీర ఆవిడ గొంతు వినిపించింది. "ఆగేది లేదు, బీదర్ తీస్కపోదాం" అని అరిచాను. పిచ్చిదానివా, తోవలోనే ఏమన్నా అయితే ఎవరిది పాపం అని అందరూ తిట్టారు. నాకు నిజంగానే భయమేసింది. నాయినను నా చేతులతో నేనే చంపుకుంటున్నానేమో అనిపించింది. అయినా ఆయన చంకల కింద చేతులు పెట్టి లేపాను. సంగప్ప సేటు మారు మాట్లాడకుండా లారీ తలుపు తీశాడు.

దారి పొడుగునా అల్లం వాసన. నాయిన తల నా ఒళ్లో ఉంది.

బీదర్ దవాఖానలో, ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నారు. మా ఊరి డాక్టర్ ఆ రోజు దీపాలు పెట్టే వేళకు గానీ తిరిగి రాలేదని తర్వాత తెలిసింది.

దవాఖాన వరండాలో సంగప్ప సేటు నా పక్కన కూర్చుని, "అన్నకు జెప్పే ముచ్చట నడుమల్నే ఆగిపాయె బిడ్డా. నాకు గా బుక్కుల ఆఖరే మస్తు నచ్చింది. తండ్రి బతుకుతడు కదా" అన్నాడు.

"సచ్చిపోతడు కదా సేటూ?"

"ఎవలు జెప్పిన్రు? కొడుకు భుజం మీదేస్కోని ఉరుకుతడు. బతికించుకుంటడు."

నాయిన ఇంటికొచ్చాక నేను మొదట చేసిన పని ఆ నవల చదవడం. నిజమే, తండ్రి బతుకుతాడు. బీదర్ పేరు ఎక్కడా లేదు. ఇంకో ప్రతి తెప్పించి చూశాను, అదే కథ. సినిమా చూశాను, అదే కథ. ఆవిడ చదివిన పుస్తకం ఈ లోకంలో అచ్చు కాలేదు.

నాయిన ఆ తర్వాత చాలా ఏళ్లు బతికాడు. నా పెళ్లి చేశాడు, నా పిల్లలను ఎత్తుకున్నాడు, వచ్చినవాళ్లందరినీ పుస్తకం ఎట్లుందని సతాయించాడు.

ఇప్పుడు నాకు యాభై దాటాయి. ఎవరింట్లో పుస్తకం కనబడ్డా తలకిందులు చేసి దులపందే తెరవను. మా అమ్మాయి నవ్వుతుంది. నాయిన పోయాక ఈ పని చేసేది నేనొక్కదాన్నే.

ఆ రోజు ఆకుపచ్చ చీరలో వచ్చింది నేనే అనుకుందామంటే, నాకు వెనక్కి పోవాల్సిన అవసరమేముంది? నాకు నాయిన దక్కాడు. ఆమెకు దక్కలేదు. డాక్టర్ వస్తాడని చూస్తూ కూర్చుండిపోయిన నేను ఆమె. దక్కని దుఃఖంతో అంత దూరం వచ్చి, ఒక్క అభిప్రాయం చెప్పి పోయింది. ఆమెకు దండం పెట్టుకోవాలని చేతులు జోడిస్తాను. ఏ దిక్కుకు తిరగాలో మాత్రం తెలియదు.