గడ్డి కింద మనుషులున్నారు

కోవిడ్ సద్దుమణిగిన మరుసటి ఏడాది. అమెరికాలో పిస్కాటవేకి అరగంట దూరంలో మా తెలుగు చర్చి వాళ్ళు ఒక పాత క్వేకర్ ప్రార్థన మందిరం కొన్నారు. క్వేకర్లంటే క్రైస్తవుల్లోనే ఒక చిన్న శాఖ. క్వేకర్లు వదిలేశాక చాలా ఏళ్ళు అది డాన్స్ స్కూల్‌గా నడిచిందట. నేను సివిల్ ఇంజనీర్‌ని, పైగా అదే సంఘం మనిషిని. ఇంకేముంది, పని నా నెత్తినే పడింది.

పని అంటే బాప్తిస్మం తొట్టి కట్టించడం. మేం బాప్టిస్టులం, మనిషి నిండా మునిగితేనే మాకు బాప్తిస్మం. అన్నాళ్ళూ ఊళ్ళో ఉన్న చర్చిలన్నిటినీ తొట్టి కోసం బతిమాలుకునేవాళ్ళం. సైట్ ప్లాన్‌లో, అంటే స్థలంలో ఏది ఎక్కడుందో చూపించే పటంలో, మందిరం వెనక పచ్చిక మీద 'ఖాళీ స్థలం' అని ఉంది. పాత సర్వేలన్నిట్లోనూ అంతే. ఆదివారాలు అక్కడే బిర్యానీ టేబుళ్ళు వేసేవాళ్ళం.

టెస్ట్ పిట్ తవ్వే రోజు వచ్చింది. అడుగున మట్టి ఎలా ఉందో చూడ్డానికి తవ్వే చిన్న గొయ్యి అది. మిషన్ దింపుతుంటే పక్కింటి ముసలావిడ ఒక మడత కుర్చీ తెచ్చి, సరిగ్గా తవ్వాల్సిన చోటే వేసుకుని కూర్చుంది. పేరు రూత్. ఆ మందిరంలో చివరిదాకా మిగిలిన క్వేకర్లలో ఒకరట. కేకలెయ్యదు, గొడవపడదు. నాకు అదే మరీ చిరాకు.

"ఇది మా స్థలం మేడమ్. పర్మిట్ కూడా ఉంది" అన్నాను.

"స్థలం మీదే. కింద మా వాళ్ళున్నారు."

"మరి సమాధి రాళ్ళేవి?"

"ఆ రోజుల్లో మేం రాళ్ళు పెట్టేవాళ్ళం కాదు. పోయాక కూడా ఒకరు పెద్దా ఒకరు చిన్నా ఎందుకని."

నేను నమ్మలేదు. అయినా పని ఆపించి జీపీఆర్ అనే మిషన్ తెప్పించాను. గడ్డి కోసే మిషన్‌లా తోసుకెళ్తే, భూమిలోకి తరంగాలు పంపి ఎక్కడెక్కడ తవ్వి పూడ్చారో తెర మీద చూపిస్తుంది. ఆపరేటర్ కాస్త దూరం నడిచి ఆగిపోయాడు. నేను తెర మీదకి వంగి చూశాను. పక్కపక్కనే, వరసలు వరసలుగా గోతులు. కొన్ని మరీ చిన్నవి. అవి పిల్లలవని అతను చెప్పక్కర్లేదు. వాళ్ళ మీద కూర్చుని మేం బిర్యానీలు తిన్నాం.

ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంది. రూత్‌ని కూడా పిలిచాం. ఆవిడ వస్తూనే మా పాస్టర్ గారి చెయ్యి పట్టుకుని "హలో, దేవదానం" అంది. మా వాళ్ళంతా నోరెళ్ళబెట్టారు. అయ్యగారిని ఉత్త పేరుతో పిలిచినవాళ్ళని మేం అంతవరకూ చూళ్ళేదు. "మేం ఎవరికీ బిరుదులు తగిలించం" అంది, అందులో వింతేముందన్నట్టు.

కమిటీ పెద్ద జోసెఫ్ అంకుల్‌ది ముక్కుసూటి వ్యవహారం. "మీకు బాప్తిస్మం లేదు, ప్రభురాత్రి భోజనం లేదు, పాస్టర్ లేడు. మరి మీరు క్రైస్తవులెలా అయ్యారండీ?" అని అడిగేశాడు.

"దేవుడు ప్రతి మనిషి లోపలా మాట్లాడతాడు, మధ్యలో ఇవన్నీ ఎందుకు అన్నాం. ఇలాంటి మాటలకే ఒకప్పుడు బోస్టన్‌లో మా వాళ్ళని ఉరి తీశారు" అంది రూత్.

"ఎవరు?" అన్నాను.

"క్రైస్తవులే."

చీరాల సండే స్కూల్లో మాకు అమెరికా అంటే సువార్తని ఓడెక్కించి పంపిన దేశం. బైబిలు పట్టుకున్నవాళ్ళే బైబిలు పట్టుకున్నవాళ్ళ మెడకి తాడు వేశారని మాకు ఒక్క టీచరూ చెప్పలేదు.

జోసెఫ్ అంకుల్ మాత్రం తగ్గలేదు. "ఉరి తియ్యడం పాపమే, కాదనను. కోర్టు పర్మిషన్ తెచ్చి ఎముకలు వేరే చోటికి మార్పిద్దాం. తొట్టికి అదే సరైన చోటని నువ్వే అన్నావు కదమ్మాయ్" అన్నాడు. అందరూ నా వైపు చూశారు. నిజమే, డ్రైనేజీ లైను అటే ఉంది. వేరే చోటంటే పైపులన్నీ తిప్పాలి, ఈస్టర్‌కి పని అవదు. రూత్ ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. మేం మార్చాలనుకుంటే ఆపే బలం ఆవిడకి లేదు.

అప్పుడు దేవదానం గారు నెమ్మదిగా అన్నారు. "మా నాన్నకీ రాయి లేదు. ఊరి శ్మశానంలోకి మనల్ని రానివ్వలేదు, కాలవ గట్టున పూడ్చుకున్నాం. తరవాత గట్టు వెడల్పు చేస్తామని మిషన్లొచ్చాయి. కింద ఎవరైనా ఉన్నారా అని ఒక్క ఇంజనీరు కూడా మమ్మల్ని అడగలేదమ్మా."

నా చెంప మీద కొట్టినట్టయింది. ఇన్నేళ్ళుగా ఆయన ప్రసంగాలు వింటున్నాను, ఈ మాట ఎన్నడూ చెప్పలేదు. జోసెఫ్ అంకుల్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తొట్టిని పార్కింగ్ పక్కకి మార్చాం.

ఆ పని నాకు నేర్పింది ఒక్కటే. ఇప్పుడు ఇరుగుపొరుగు తలుపు తట్టకుండా పటం మీద 'ఖాళీ స్థలం' అని రాయను.

తొట్టి తయారయ్యేసరికి చలి మొదలైంది. మొదటి బాప్తిస్మానికి రూత్ తన మడత కుర్చీ తెచ్చుకుని వచ్చింది. జోసెఫ్ అంకుల్ మనవరాలు నీళ్ళలోంచి వణుకుతూ లేచేసరికి, అందరికంటే ముందు తువ్వాలు పట్టుకుని నిలబడింది ఆవిడే. నేను ఆశ్చర్యపోయి చూస్తుంటే అంది, "నీళ్ళ మీద నాకిప్పటికీ నమ్మకం లేదు. పిల్లకి చలేస్తోంది."