అమ్మ పట్టుకుని లేచిన తాడు

నా మనవరాలు పట్టుకుని లేవడానికి నేను కట్టిన తాడును దవాఖానాలో కత్తెరతో కోసేశారు. ఎందుకు కట్టావని నన్ను ఒక్క మాట అడగలేదు, ఆ పిల్లనూ అడగలేదు. కోసిన ముక్క నా చేతిలో పెట్టి, ఇక లోపలికి రావద్దని గేటు చూపించారు.

ఆ ముక్క ఇప్పుడు నేను రాసుకునే బల్ల మీద ఉంది. మూరెడు పొడవు, మధ్యలో ఒక ముడి. అడ్డతీగ నారతో పేనిన తాడు. ముసురు పట్టిన రోజున దాన్నుంచి నానిన బెరడు వాసన వస్తుంది, కొంచెం వగరు, కొంచెం పులుపు. ఆ వాసన తగిలిందంటే డెబ్బై దాటిన నేను రాస్తున్న వాక్యం మధ్యలో వదిలేసి, ఏడేళ్ళ పిల్లవాడినై మా గడ్డి ఇంటి వాకిట్లో నిలబడిపోతాను.

మాది నేలకొండపల్లి వైపు నుంచి బతకడానికి అడవి అంచుకు చేరిన బండి కుటుంబం. నాయన వెదురు తోలేవాడు, కలప తోలేవాడు, తిరునాళ్ళ రోజుల్లో మనుషులను తోలేవాడు. నన్ను బడికి పంపిన వాళ్ళు లేరు. కలప డిపోలో దుంగల మీద తారుతో కొట్టిన అంకెలనూ అక్షరాలనూ వేలితో దిద్దుకుని చదువు నేర్చుకున్నాను, ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది. అది వేరే కథ.

ఆ ఏడు ఎండలు ముదిరేసరికి అమ్మకు నెలలు నిండాయి. ఇప్పపూలు రాలే రోజులు. తెల్లవారుతూనే వాగవతలి కోయగూడెం ఆడవాళ్ళు బుట్టలతో చెట్ల కిందికి చేరేవారు. పొద్దు మూరెడెక్కేసరికి ఎవరి వాకిట చూసినా ఆరబోసిన పూలే, లేతపసుపు నుంచి ఎండుద్రాక్ష రంగులోకి మాగుతూ, ఊరంతటినీ తియ్యటి మత్తు వాసనలో ముంచేసేవి. నాకు ఆ వాసనంటే ప్రాణం. అమ్మకు మాత్రం ఆ నెలలో కడుపులో తిప్పేది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఇంట్లో ఉక్కకు ఆగలేక బయటికి, బయట ఎండకు నిలవలేక లోపలికి, దాటిన గడపనే మళ్ళీ మళ్ళీ దాటుతూ తిరిగేది. కూర్చుంటే నడుము, పడుకుంటే ఊపిరి, నిలబడితే కాళ్ళు, ఏదో ఒకటి ఆమెను నిలవనిచ్చేది కాదు. ఊడ్చిన వాకిలినే ఊడ్చేది, అలికిన అరుగునే అలికేది. కాల్చిన చింతగింజ బుగ్గన పెట్టుకుంటే అది నానేలోపు నాలుగుసార్లు చోటు మార్చేది. నీళ్ళు చల్లిన మట్టిగోడకు చెంప ఆనించి ఆ వాసన పీలుస్తుంటే, కోడలు గోడ తింటుందేమోనని నాయనమ్మ తడిక చాటు నుంచి కనిపెట్టేది. జొన్నగట్క రెండు ముద్దలు మింగి చాలనేది గాని, పచ్చిపులుసు మాత్రం గిన్నె ఎత్తి తాగేది. నేను తెచ్చిన తునికిపండ్లలో గుజ్జు తాను చప్పరించి, గింజలు నాకిచ్చేది.

మా ఇంటి ముందు బాట భద్రాచలం పోయే బాట. శ్రీరామనవమి దగ్గర పడేకొద్దీ ఆ బాట మీద జనం తెగేది కాదు. పసుపు బట్టల ఆడవాళ్ళు, చిడతలు, బండెద్దుల మెడలో గంటలు, బండ్ల కింద వేలాడే నీళ్ళకుండలు, వాటి వెంట లేచే ఎర్రదుమ్ము. ఊరి మొగదల పందిరి వేసి మిరియాలు దంచి కలిపిన బెల్లం పానకం పోసేవారు, దోసిట్లో వడపప్పు పెట్టేవారు. నేను రోజుకు మూడుసార్లు వరసలో నిలబడి తాగి, పొట్ట గడగడలాడుతుంటే ఇంటికి పరుగెత్తేవాణ్ణి. నాయన ఆ జనాన్ని గోదావరి ఒడ్డుకు చేరవేస్తూ ఇంటి ముఖం చూడడమే లేదు. లోకమంతా ఎక్కడికో కదిలిపోతుంటే అమ్మ తలుపు పట్టుకుని, నిలబడలేక నిలబడి, పోయే ప్రతి బండినీ చూసేది.

నాయనమ్మకు నిషేధాలు కంఠతా వచ్చు. నెలలు నిండిన మనిషి గడప మీద కూర్చోకూడదు, మిట్టమధ్యాహ్నం పొలిమేర దాటకూడదు, అన్నిటికన్నా ముఖ్యం, పశువును కట్టేసే పలుపు దాటకూడదు. ఆ చివరిదాన్ని నేను చెడగొట్టాను. మా ఆట బండాట. ఇద్దరు ఎడ్లవుతారు, ఒకడు తోలేవాడు, పగ్గానికి మా బర్రె పలుపు. ఒకరోజు పందిట్లో పానకం అయిపోతోందని ఎవరో అరిస్తే పలుపును వాకిట్లో అడ్డంగా వదిలేసి ఉరికాను. తిరిగి వచ్చేసరికి అమ్మ చంకన బిందెతో నడిచివస్తోంది. కడుపు అడ్డమై ఆమెకు కాళ్ళ కింద నేల కనబడదు. నా కళ్ళ ముందే పలుపు దాటింది.

“అయ్యో, అయ్యో! బర్రె పలుపు దాటినవ్ గదనే! ఇగ బర్రె లెక్క పది నెలలు మోసుడే!” అని నాయనమ్మ నెత్తి కొట్టుకుంది.

“సూడలేదత్తా.”

“కండ్లు యాడవెట్టినవ్?”

నేను గడ్డివాము వెనక నక్కాను. పలుపు వదిలింది నేనని ఎవరికీ తోచలేదు, నేనూ చెప్పలేదు.

నాయనమ్మ లెక్కన తొమ్మిది నెలలు తొమ్మిది రోజులు నిండాయి. పురుడు రాలేదు. నేను రోజుకొక తునికిగింజ గూట్లో దాస్తూ వచ్చాను. నాకు ఇరవై దాటి లెక్క రాదు, ఇరవై గింజలు నిండితే మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెట్టాల్సి వస్తుందేమోనని భయం. అమ్మ పాదాలు పొంగి, వేలుతో నొక్కితే గుంట పడి అట్లాగే ఉండిపోయేవి. చాప మీద నుంచి లేవడానికి పక్కకు దొర్లి, మోచేతుల మీద ఆగి, మోకాళ్ళ మీదికి వచ్చి, ఇక చేతకాక “అత్తా” అని పిలిచేది. నాయనమ్మ వచ్చి చెయ్యి అందించేది గాని, అందించిన ప్రతిసారీ “మళ్ళీనా?” అనేది. ఆ మాట పడలేక అమ్మ దాహమైనా లేవకుండా పడుకుని, పైన దూలాన్ని చూస్తూ ఉండడం నేను చూశాను. ఆమెను అట్లా పడేసింది నా పలుపే అనుకున్నాను. ఆటలు మానేశాను. పందిరి వైపు పోలేదు. అమ్మ ఎటు తిరిగితే అటు తిరిగాను.

నవమికి ముందురోజు కోయగూడెం నుంచి సమ్మవ్వ వచ్చింది. ఆ చుట్టుపక్కల పురుళ్ళన్నీ ఆమె చేతి మీదే. సన్నటి మనిషి, నోట్లో ఆరిపోయిన చుట్ట, మాట్లాడితే అది పెదవి మీదే ఊగేది. అమ్మ కడుపు మీద రెండు అరచేతులూ ఆనించి, తర్వాత చెవి ఆనించి, లేచింది.

“పిల్ల బాగనే ఉన్నది. దానికి జల్దీ లేదు, మీకే ఉన్నది,” అంది.

ఆమె వాగు దాటబోతుంటే వెంటపడి ఒడ్డున పట్టుకున్నాను.

“అవ్వా, ఆ పలుపు నేనే పడేసిన.”

“ఏ పలుపురా?”

అంతా చెప్పాను. చెబుతూ ఏడ్చాను. సమ్మవ్వ ముందు నవ్వింది, తర్వాత దగ్గింది, తర్వాత చుట్ట తీసి చెవిలో పెట్టుకుని నా రెక్క పట్టుకుని మా ఇంటికే వెనక్కి నడిచింది. మా వాకిట్లో గుంజకు కట్టిన మేక పలుపు విప్పి అమ్మ కాళ్ళ ముందు పరిచింది.

“అక్కా, బర్రె పలుపు దాటితే పది నెలలా?” అని నాయనమ్మను అడిగింది.

“అవ్. మా అత్త గట్లనే చెప్పేది.”

“మరి మేక ఎన్ని నెలలకు ఈంతది?”

“ఐదు.”

“ఇగ గీ మేక పలుపు గిట్ల దాటిపిస్తె లెక్క సరిపాయె. దాటు బిడ్డా!”

అమ్మ దాటింది. నాయనమ్మ నోరు తెరిచి, అంతలోనే కంగారు పడిపోయింది. “ఓసి దీనమ్మ! మేకదైతే ఇప్పుడే పడ్తదేమోనే! ఉండుండు, నీళ్ళన్న కాగవెట్టనియ్యి!” అని పొయ్యి దగ్గరికి పరుగెత్తింది. అమ్మ కడుపు రెండు చేతులా పట్టుకుని నవ్వింది. ఆ నెలలో ఆమె నవ్వగా చూడడం అదే మొదలు.

సమ్మవ్వ మాత్రం నవ్వడం ఆపి, అమ్మ కూర్చోవడం, లేవడం ఒకటికి రెండుసార్లు చూసింది. నన్ను వెంట తీసుకుని అడవిలోకి పోయి అడ్డతీగ కోసింది. బెరడు ఒలిచి, వాగు నీళ్ళలో నాననిచ్చి, రాతి మీద దంచి, నార చీల్చి, ఒక కొస నా చేతికిచ్చింది. “తిప్పురా. పలుపు పడేసిన చెయ్యి గదా, అదే తిప్పాలె,” అంది. అరచేతులు బొబ్బలెక్కేదాకా పేనాను. ఆ తాడును ఇంటి నడిదూలానికి కట్టి, మూడు చోట్ల ముడి వేసింది. కింది ముడి పడుకున్న మనిషి లేచి కూర్చోవడానికి, నడిమి ముడి మోకాళ్ళ మీదికి రావడానికి, పైముడి నిలబడడానికి. ముడులకు అమ్మ పాతచీరె పీలికలు చుట్టింది. ఇది మాత్రం పలుపు కాదా, కాలికి తగిలితేనో అని నాయనమ్మ అడ్డం పడబోతే, “కొస మోకాలు కాడనే కోసిన. నేలకు తాకనే తాకది, దాటేదెట్ల?” అని నోరు మూయించింది.

ఆ తర్వాత అమ్మ ఎవరినీ పిలవలేదు. అలజడి పోలేదు, గంటకోసారి లేచేది, కూర్చునేది, తాడు పట్టుకుని అటూ ఇటూ ఊగేది, కళ్ళు మూసుకుని నడుము బరువంతా దానికి ఒప్పగించేది. కాని లేవడం, పడుకోవడం ఆమె చేతికి వచ్చాయి. నవమి దాటిన మూడో రోజు పొద్దున నన్ను బయటికి పంపి తడిక వేశారు. బండి లేని వాకిట్లో కూర్చున్నాను. లోపల దూలం కిర్రుమంటోంది, ఆగుతోంది, మళ్ళీ కిర్రుమంటోంది. నేను పేనిన తాడు తెగుతుందేమోనని, తెగితే అది కూడా నా మీదికే వస్తుందని, ప్రతి కిర్రుకూ పళ్ళు బిగించాను. ఎండ వాకిలి సగం దాకా వచ్చేసరికి పిల్ల ఏడ్చింది. నా చెల్లెలు. అమ్మ చేతులు తాడు వదిలాక కూడా సాయంత్రందాకా పిడికిళ్ళుగానే ఉన్నాయని సమ్మవ్వ చెప్పింది.

దవాఖానా వద్దని నేననను. సమ్మవ్వ చేతిలో బతికినవాళ్ళు నాకు తెలుసు, ఆమె చెయ్యి దాటిపోయినవాళ్ళూ తెలుసు. అందుకే మొన్నటి వానల్లో మా వాగు పొంగే ముందే, నెలలు నిండిన నా కొడుకు కూతురు నాగమణిని టౌను దవాఖానాలో గర్భిణులు ముందుగా వచ్చి ఉండే గదికి నేనే పంపాను. దాని తల్లి మిరపనారు వదిలి రాలేకపోతే నేనే వెంట పోయి గేటు పక్క రేకుల కింద ఉన్నాను. లోపల ఇనుపమంచాలు, మధ్యలో గుంటలు పడినవి. అందులో నుంచి లేవడానికి ఆ పిల్ల పడే పాట్లు చూసి, చూడడానికి రానిచ్చే వేళలో స్టూలెక్కి, ఫ్యాను కోసం వదిలిన కొక్కేనికి, అమ్మకు పేనినట్టే అడ్డతీగ నారతో పేనిన మూడు ముడుల తాడు కట్టాను. ఫ్యాను మాత్రం లేదు. స్టూలు పడిపోకుండా అక్కడి ఆడపిల్లలే పట్టుకున్నారు. మూడు రోజుల్లో ఆ తాడుకు వరస కట్టారు. గోదావరి అవతలి నుంచి వచ్చిన ఒక పిల్ల, “తాతా, నాకొకటి ఎయ్యవా? నీ మనవరాలు గంటసేపు వదుల్తలేదు,” అని నవ్వింది.

నాలుగో రోజు నేను పోయేసరికి నర్సమ్మ చేతిలో కత్తెర, కింద తాడు. ఆమె ముఖం పాలిపోయి ఉంది. కోపమనుకున్నాను.

“ఎవరు కట్టిండ్రిది?”

“నేనే బిడ్డా.”

“ఇంకోపాలి కడ్తే నీ మనవరాల్ని కూడ పంపిచ్చేస్త. పో బయటికి!”

నేను గొంతు లేపబోతే నాగమణి మంచం మీది నుంచే, “తాతా, లొల్లి జెయ్యకు. నన్ను తిడ్తరు,” అంది. నర్సమ్మ నా చేతిలో పెట్టిన ముక్క పట్టుకుని గేటు దాటాను. పదకొండు రోజులకు అది క్షేమంగానే ఆడపిల్లను కన్నది. ఆ పదకొండు రోజులూ పక్కమంచం పిల్ల చెయ్యి పట్టుకుని లేచిందట. ఆ పిల్లకూ నెలలే. ఇద్దరూ ఒకరినొకరు లాక్కుంటూ లేచేవాళ్ళట.

ఇంటికి వచ్చి దవాఖానా పై ఆఫీసుకు అర్జీ రాశాను. జవాబు లేదు, రెండోది రాశాను, మూడోది రాశాను. ప్రతి మంచం పైనా మూడు ముడులతో ఒక తాడు ఉండాలని, చేతిలో ఆధారం లేకుండా మనిషిని మంచంలో పడేయడం కాపలా అవుతుందే గాని వైద్యం కాదని రాశాను. రాస్తూ చుట్టూ చూస్తే నా వైపు సాక్షులెవరూ మిగల్లేదు. ఊళ్ళో అన్నీ స్లాబు ఇళ్ళు, తాడు కట్టడానికి దూలం లేదు. అడ్డతీగ కోసం రెండు గుట్టలు దాటాలి. గుట్టెక్కితేనే సెల్‌ఫోను మాట్లాడుతుంది, అందులో పిలిస్తే అంబులెన్సు వస్తుంది, రావాల్సిందే. కాని చివరి నెలలో ఒక ఆడమనిషి పక్కన కూర్చుని, ఆమె ఎట్లా లేస్తోందో ఒకటికి రెండుసార్లు చూసే మనిషి ఏ బండిలోనూ రావడం లేదు.

నాలుగు నెలలకు జవాబు వచ్చింది. ఆఫీసు నుంచి కాదు, ఆ నర్సమ్మ నుంచి. పేరు లేకుండా, రూళ్ళ కాగితం మీద:

“తాతకు నమస్తే. మీ మూడు అర్జీలు తిరిగి తిరిగి నా టేబులు మీదికే వచ్చినయి. తాడు కోసింది నేనే. ముందటేడు అదే కొక్కేనికి ఒక అమ్మాయి ఉరికి చీరె కట్టుకున్నది. ఎనిమిది నెలలు నిండినయి, చూడ్డానికి ఇంటి నుంచి ఒక్కరు రాలేదు. సమయానికి నేను పోయిన కాబట్టి ఇద్దరూ బతికిండ్రు. అప్పటి నుంచి పైనుంచి ఏది వేలాడినా నా చెయ్యి ఆగదు. మిమ్మల్ని గేటు బయటికి పంపినందుకు మాత్రం తప్పు నాది. చూడ్డానికి వచ్చేటోళ్ళను వెళ్ళగొట్టొద్దని నాకే బాగా తెలవాలె. మంచాలకు పట్టుకునే ఆధారం కావాలని నేను రెండేండ్ల నుంచి అడుగుతున్న, లోపలి మనిషి అడిగితే చదవరు. మీరు రాస్తే కాగితానికి నంబరు పడ్తది. అందుకని ఇంకొకటి రాయండి. ఈసారి తాడు అని రాయకండి. మంచం పక్కన గోడకు ఇనుప కడ్డీ అని రాయండి, మూడు ఎత్తులల్ల.”