పుట్టింటికి రాలేని పురుడు

మా అక్క పుంగనూరులో ఉంటుంది. స్కూటీ మీద ముందొక బిడ్డ, వెనకొక బిడ్డ, కాళ్ల దగ్గర కూరగాయల సంచి. హెల్మెట్ మాత్రం ఇంట్లో మేకుకు భద్రంగా వేలాడుతుంటుంది. అట్లాంటి మనిషి రోజూ పొద్దున్నే నాకు ఫోన్ చేసి జాగ్రత్తల మీద క్లాసు పీకేది.

"ఆడ తుపాకులు పట్టుకోని తిరగతాండారంట కదమే! నువ్వు యాల ఆడుండావు? మదనపల్లిలో ఆస్పత్రులు లేవా?"

నేను ఫిజియోథెరపిస్టును. అప్పట్లో పాలస్తీనాలో, వెస్ట్ బ్యాంక్‌లోని ఒక చిన్న ఊళ్లో, నడవలేని పిల్లల బడిలో పనిచేసేదాన్ని. ఊరు జనానిది, దారులు సైన్యానివి. జెరూసలేం పోయే బస్సు చెక్‌పోస్టు దగ్గర ఆగితే ఆ నేల మీద పుట్టినవాళ్లంతా దిగి ఎండలో వరస కట్టాలి. నేను సీట్లో కూర్చునే పాస్‌పోర్టు చూపిస్తే చాలు. "ఇండియానా? నేను గోవా చూశాను" అన్నాడొక సిపాయి కుర్రాడు సంబరంగా. నేను చూడలేదు నాయనా అందామనుకుని ఊరుకున్నాను.

ఈ బస్సులో అందరికంటే భద్రంగా ఉండేది నేనేనే అని అక్కకు చెబితే నమ్మేది కాదు.

నేను కుప్పంలో చదువుకున్నదాన్ని. మధ్యాహ్నం క్లాసు ఎగ్గొట్టి తమిళనాడు పోయి బిర్యానీ తినొచ్చిన రోజులున్నాయి. ఇంకోరోజు కర్ణాటక. సరిహద్దంటే అంగళ్ల బోర్డుల మీద అక్షరాలు మారడం, అంతే అనుకునేదాన్ని. ఆ ధీమాతోనే అక్కడ నోరు జారాను.

నేను అద్దెకున్న ఇంటామెకు ఒక్కతే కూతురు. పెళ్లై జెరూసలేంలో ఉంటుంది. మా మిద్దె మీద నిలబడితే ఆ ఊరి దీపాలు కనిపిస్తాయి. కూతురికి నెలలు నిండుతున్నాయి. ఇంటామె ద్రాక్షాకుల్లో బియ్యం చుడుతుంటే నేను పక్కన కూర్చుని పెద్ద ఆరిందాలా అన్నాను: "తొలికాన్పు కదా, పుట్టింటికి తెచ్చుకోలేదేం? మా అక్కను ఏడో నెలలోనే మదనపల్లికి తెచ్చేశాం."

ఆమె చెయ్యి ఆగింది.

"ఇక్కడ పుడితే బిడ్డకు ఆ ఊళ్లో ఉండనిచ్చే కార్డు దొరకడం కష్టం. కార్డు లేకుంటే తల్లి అటు, బిడ్డ ఇటు. అందుకే తను రాకూడదు, నేనే పోవాలి. అటు పోవడానికి సైన్యాన్ని పర్మిట్ అడిగాను" అంది. మళ్లీ ఆకు చుట్టడం మొదలుపెట్టింది. పుట్టింటి నుంచి తల్లి రావడానికి కూడా ఎవరో సరేననాలన్న సంగతి నా బుర్రకు అంతవరకూ తట్టలేదు.

పర్మిట్ రాలేదు. ఎందుకు రాలేదో ఎవరూ చెప్పలేదు. ఒక పొద్దున కూతురికి నొప్పులు మొదలయ్యాయని ఫోనొచ్చింది. ఇంటామె కోడి పులుసు కాచి, క్యారేజీలో పోసి, మూతకు గుడ్డ బిగించి కట్టి నా చేతిలో పెట్టింది. "నువ్వు పోగలవు" అంది. అందులో నిష్ఠూరం లేదు. ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

బస్సులో సిపాయి క్యారేజీ మూత తీయించి, వాసన చూసి, పొమ్మన్నాడు. ఆస్పత్రిలో నేను లోపలికి పోగానే కూతురు నా భుజం మీదుగా తలుపు వైపు చూసింది. నా వెనక ఎవరైనా వస్తారేమోనని. ఎవరూ రాలేదు.

మధ్యాహ్నం దాటాక మగబిడ్డ పుట్టాడు. నర్సు తెచ్చి నా చేతుల్లో పెట్టింది. ఇంటామె ఫోన్‌లో చూస్తూ ఏడుస్తూనే, టోపీ చెవుల మీదికి దించలేదని నన్ను కసిరింది. నాకూ ఏడుపొచ్చింది. వాడిని ముందు ఎత్తుకోవాల్సిన చేతులు నావి కావు. చాలా కోపమొచ్చింది కూడా, కానీ పసిబిడ్డను పట్టుకుని కోపం ఎట్లా చూపిస్తాం?

తిరిగొచ్చే బస్సులో అక్క ఫోన్. "బాగుండావా మే? ఏం భయం లేదు కదా?"

"నాకేం భయం లేదు" అన్నాను. ఆ మాట అంటుంటే సిగ్గేసింది.

ఇంటామె గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఎంత బరువున్నాడు?" అని అడిగింది. ఆస్పత్రివాళ్లు చెప్పింది చెప్పాను.

"అది నా కూతురు చెప్పింది. ఎత్తుకుంటే ఎట్లున్నాడు?"

నేను వంటింట్లోకి పోయి, గోధుమపిండి ఒక సంచిలోకి తీసి, తువ్వాలులో చుట్టి ఎత్తుకుని చూశాను. ఇంకొంచెం పోశాను. ఎక్కువైందనిపించి కాస్త తీశాను. ఇక చాలని నా చేతులకు తెలిశాక తెచ్చి ఆమె చేతుల్లో పెట్టాను.

బిడ్డ తల ఉండే చోట ఆమె అరచెయ్యి ఆనించి, "ఇంతేనా" అంది. కుర్చీలో కూర్చుంది. నేను కాఫీ పెట్టి తెచ్చి, మూట ఇమ్మని చెయ్యి చాపితే ఇవ్వలేదు.