నన్నే అడిగారు

చిన్నప్పుడే పోలియో వచ్చి నా రెండు కాళ్లూ చచ్చుబడిపోయాయి. బండారులంకలో ఇంట్లోనే కూర్చుని చీరలకు ఫాల్స్ కుడతాను. బయటికి వెళ్లాలంటే అన్నయ్యే ఎత్తుకుని తీసుకెళ్లేవాడు. నా తరఫున మాట్లాడేదీ వాడే.

పోయినేడాది అమలాపురంలో దివ్యాంగుల సంక్షేమ ఆఫీసుకి అర్జీ పట్టుకుని వెళ్లాం. ఆఫీసు మేడ మీద ఉంది. నేను మెట్లెక్కలేనని ఎవరో చెబితే, ఆఫీసరు గారే కిందికి దిగి వచ్చి బల్ల మీద నా పక్కన కూర్చున్నారు.

“చక్రాల కుర్చీ ఇప్పించండి మేడమ్. ఇంట్లో తిరుగుతాదండి,” అన్నాడు అన్నయ్య.

“ఆయ్, రాస్తానండి. ముందు ఆవిణ్ణి చెప్పనివ్వండి,” అంటూ ఆవిడ నా వైపు తిరిగారు. “మీకేం కావాలండీ?”

నలభై ఏళ్లలో నన్నెవరూ అలా అడగలేదు.

“బ్యాటరీ బండండీ. కుట్టిన చీరలు షాపుకి నేనే తీసుకెళ్లాలండీ.”

అన్నయ్య తెల్లబోయాడు. “ఎప్పుడూ చెప్పలేదేమే?”

“నువ్వెప్పుడడిగేవురా?”

ముగ్గురం నవ్వేశాం. గుండెల మీంచి బరువు దిగినట్టయింది.

రెండు నెలలకు బండి వచ్చింది. నేను మొదటిసారి ఒక్కదాన్నే బయల్దేరితే, అన్నయ్య సైకిలు మీద కాలవ వంతెన దాకా వెనకే వచ్చి, అక్కడ ఆగిపోయాడు.