తుర్గున్ తాతకు నచ్చని కూలీలు

తుర్గున్ తాత రోజూ పొద్దున్నే కూలీలను బేరమాడేవాడు, ఒక్కరిని కూడా పనికి తీసుకెళ్ళేవాడు కాదు. కోకంద్ ఊళ్ళో పాత బస్‌స్టాండు పక్కన కూలీల అడ్డాలో ఆరేళ్ళుగా ఇదే తంతు. మంచు పడినా సరే, ఆరున్నరకల్లా సైకిలు దిగి, టోపీ సర్దుకుని, నలుగురికీ వినబడేలా కేకేసేవాడు.

"ఇల్లు కట్టిస్తున్నా. మనిషికి రెండు లక్షల సూమ్‌లు. ఎవరొస్తారు?"

మిగతా కాంట్రాక్టర్లు అప్పటికి లక్షన్నర దగ్గరే పట్టుకుని కూర్చునేవారు. దాంతో అడ్డా అంతా కదిలి సైకిలు చుట్టూ మూగేది. తాత ఒక్కొక్కరినీ ఎగాదిగా చూసి వంక పెట్టేవాడు.

"నీ పేరేంటి?"

"మహ్కమ్."

"మా తోడల్లుడి పేరూ అదే. మూడేళ్ళుగా మాటల్లేవు. నిన్ను పిలిస్తే వాణ్ణి పిలిచినట్టుంటుంది. వద్దు. ఆ వెనకాయన రా. అబ్బే, మరీ పొడుగు. మా గుమ్మానికి తల తగుల్తుంది."

"ఇల్లు ఇంకా కట్టలేదుగా తాతా."

"కట్టాక తగుల్తుందిగా."

ఇలా అందరికీ వంకలు పెట్టి, "ఈ ఊళ్ళో పనివాళ్ళే లేరు" అని నిట్టూర్చి, సైకిలెక్కి వెళ్ళిపోయేవాడు. ఆ ఇల్లు పునాది దాటిందో లేదో ఎవరికీ తెలియదు.

తాతంటే అందరికంటే ఎక్కువ ఒళ్ళుమంట ఖుమ్రీకి. ఆమె ఇటుకలు మోస్తుంది, సున్నం కలుపుతుంది, కుట్టుమిషను కొనడానికి డబ్బు కూడబెడుతోంది. అదొక్కటి ఇంట్లో ఉంటే ఎవరి వ్యాను కోసమూ చలిలో నిలబడక్కర్లేదని ఆమె లెక్క. ఒకరోజు సాలిజాన్ అనే కాంట్రాక్టరు వ్యానులో ఎక్కి కూర్చున్నది కాస్తా, తాత కేక విని దిగి పరుగెత్తింది. తాత ఆమె చేతులు చూశాడు.

"పనిమంతురాలివే. కానీ కనుబొమలు కలిశాయి. ఇలాంటివాళ్ళు టీ ఎక్కువ తాగుతారు."

"మీ టీ నాకొద్దు తాతా. పని చాలు."

"టీ పొయ్యకుండా పని చేయించుకునే మనిషినా నేను? వద్దమ్మా."

వెనక నుంచి సాలిజాన్ విసుగ్గా హారన్ కొట్టాడు. "ఆ ముసలాడితో నీకెందుకు? లక్షా ఎనభై ఇస్తా, ఎక్కు." ఖుమ్రీ తాతను తిట్టుకుంటూ ఎక్కింది. తిట్టుకునే హడావుడిలో ఆ ముప్పై వేలు ఎక్కణ్ణించి ఊడిపడ్డాయో ఆలోచించలేదు.

నవ్రోజ్ పండగకు పది రోజుల ముందు తాత రావడం మానేశాడు. మొదటిరోజు అందరూ నవ్వుకున్నారు. "ఇల్లు పూర్తయి గృహప్రవేశం కూడా చేసుంటాడు" అన్నాడు మహ్కమ్. రెండోరోజు కూలి లక్షన్నరకు దిగింది. నాలుగోరోజు సాలిజాన్ వ్యాను తలుపు కూడా తెరవకుండా అద్దంలోంచే చెప్పాడు.

"లక్షా ఇరవై. పక్కనున్న మర్గిలాన్‌లో అంతకే వస్తున్నారు. ఇష్టమైతే ఎక్కండి."

మర్గిలాన్ వెళ్ళి చూసొచ్చినవాళ్ళెవరూ లేరు. ఎక్కారు.

ఆ సాయంత్రం ఖుమ్రీ కూలి డబ్బు లెక్కపెట్టి, తాత వచ్చిన రోజుల కూలితో పోల్చి చూసుకుంది. తర్వాత అడ్రసు కనుక్కుని తాత ఇంటికి వెళ్ళింది. ఒకే గది, పక్కన కోళ్ళ గూడు. ఇటుకా లేదు, ఇసుకా లేదు. తాత మడమకు కట్టు కట్టుకుని మంచం మీద ఉన్నాడు.

"సైకిలు జారింది" అన్నాడు ఏదో తప్పు చేసినవాడిలా.

"మీరు కట్టించే ఇల్లేది?"

"కోళ్ళకు కట్టించానుగా."

ఖుమ్రీ నవ్వలేదు. పొయ్యి వెలిగించి పెసర జావ కాచి గిన్నె చేతికిచ్చింది. సగం తాగాక తాత నోరు విప్పాడు.

"ఇరవై ఏళ్ళు ఒక పెద్ద కాంట్రాక్టరు దగ్గర మనుషుల్ని తెచ్చే పని చేశానమ్మా. యజమాని మనిషికి రెండు లక్షల లెక్కన నా జేబులో పెట్టేవాడు, నా నోట్లో మాత్రం లక్షన్నర పెట్టేవాడు. జేబులో ఎంతుందో మీకు తెలియదు, నాకు తెలుసు. పక్క ఊళ్ళో తక్కువకు వస్తున్నారని ఎన్నిసార్లు చెప్పానో. ఒక్కసారి కూడా ఆ ఊరు వెళ్ళలేదు."

"అయితే ఆ మాట మాకే చెప్పొచ్చుగా, కనుబొమలూ తోడల్లుడూ ఎందుకు?"

"చెబితే మీరు అడుగుతారు, వాళ్ళు లేదంటారు. ఇంకోడు ఎత్తుకుపోతాడంటేనే వాళ్ళ జేబు తెరుచుకుంటుంది."

మర్నాడు ఖుమ్రీ పనికి వెళ్ళలేదు. పెళ్ళినాటి మఖమలు కోటు వేసుకుని, టాక్సీలో అడ్డా ముందు దిగింది. మహ్కమ్‌కు ముందే చెప్పి ఉంచింది. ఆ టాక్సీ డబ్బూ, పోయిన కూలీ కలిపి కుట్టుమిషను మరో రెండ్రోజులు వెనక్కి జరిగింది.

"హోటలు కట్టిస్తున్నాను" అంది నలుగురికీ వినబడేలా. "రెండు లక్షలు. ఎవరొస్తారు?"

జనం మూగారు. తెలిసినవాళ్ళందరూ తెలియనట్టు మొహాలు పెట్టారు. సాలిజాన్ వ్యాను దిగి వచ్చి ఆమెకు మర్యాదగా సలాం చేశాడు.

"అమ్మగారూ, మీరు కొత్తగా ఉన్నారు. ఇలా రేటు పాడుచెయ్యకండి."

రెండేళ్ళు అతని ఇటుకలు మోసింది ఆమె. అతను చేతులు చూసి ఎక్కించుకునేవాడే తప్ప మొహం ఎప్పుడూ చూడలేదు. ఖుమ్రీ మహ్కమ్ వైపు తిరిగి, గడ్డం సగమే గీసుకున్నావు, నాకు వద్దు అంది. ఈలోపు సాలిజాన్ లక్షా తొంభైకి పదిమందిని ఎక్కించుకుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం ఇదంతా విని తాత మంచం కదిలేలా నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాక దిగులు పట్టుకుంది.

"రోజూ నువ్వే పని పోగొట్టుకుంటే ఎలా?"

"వంతులు వేసుకున్నాం తాతా. రేపు మహ్కమ్. వాళ్ళ బావమరిది సూటు తెచ్చుకున్నాడు."

తాత ఉన్నపళంగా లేచి కూర్చున్నాడు. "బూట్లు కూడా తెచ్చుకోమను. వాళ్ళు మొహాలు చూడరు గానీ బూట్లు చూస్తారు. ఇదిగో, ఆ మూల నావి ఉన్నాయి. కొంచెం తుడిచి ఇవ్వు."