ముట్టొద్దు అని రాసిన సారు

జనగామలో కంప్యూటర్లు బాగుచేసే సారు పోయాడని సోమవారం పొద్దున మనుమరాలు చెప్పింది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అది ఇంకా తగ్గలేదు. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే ఆ పిల్లే రాస్తోంది. మెత్తగా రాయొద్దన్నాను.

మా ఆయన భూపాలపల్లిలో బొగ్గు గనిలో పనిచేసి, ఊపిరితిత్తులు చెడి, నెల్లికుదురుకు వచ్చి చనిపోయాడు. పోయే ముందు పొలం బావిలో సగం నాకే రావాలని నోటితో చెప్పాడు. మనుమరాలు దాన్ని ఫోనులో పట్టి కంప్యూటర్లో దాచింది. ఆ ఫోను తర్వాత పగిలిపోయింది. మరిదేమో "అన్న గట్ల అననే లేదు" అని నలుగురిలో అనేశాడు. నాకు కాగితం లేదు, ఆ గొంతే ఉంది. పెద్దమనుషులను పిలిచిన వారమే కరెంటు పోయి వచ్చింది, ఇక కంప్యూటర్లోని డిస్కు తెరుచుకోలేదు.

మహబూబాబాద్‌లో ఒక దుకాణానికి తీసుకుపోయాం. వాడు చూడనైనా చూడకుండా ఏదో నొక్కి, "రిపేరైంది అవ్వా" అని చేతిలో పెట్టాడు. లోపల గొంతు లేదు. ఇంకొకడు మళ్లీ నొక్కాడు. చివరికి రైలెక్కి జనగామ పోయాం.

సారు డిస్కును చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "ఎంతమంది ముట్టిండ్రు?" అన్నాడు.

"ఇద్దరు. నా మనుమరాలితోని ముగ్గురు."

"అందరు మందు పోసేటోళ్లే. చూసేటోడు ఒక్కడు లేకపాయె!"

"నువ్వన్న చూస్తవా, నువ్వు గూడ తిట్టుడేనా?" అన్నాను. నవ్వాడు. ఆ నవ్వుకు ముందే నాకు నమ్మకం కుదిరింది, ఎందుకంటే అప్పటికి ఆయన వేలు ఒక్క మీట మీద పడలేదు.

"అవ్వా, ఈ డిస్కు ఒక ఊరనుకో. ఇండ్లన్నీ ఉన్నయి. ఏ ఇల్లు ఎవలదో రాసిన పట్టిక చెడిపోయింది. వాళ్లేమో ఉన్న ఇండ్ల మీదనే కొత్త పట్టిక రాసిండ్రు. జర ఓపిక పట్టు."

ముందు ఆ డిస్కులో ఉన్నదంతా ఉన్నట్టే ఇంకో డిస్కులోకి నకలు తీశాడు. అసలు దాని మీద ఎర్ర సిరాతో ఏదో రాసిన కాగితం అంటించి పక్కన పెట్టాడు. ఏం రాశావంటే, "ముట్టొద్దు అని. నాకు నేనే చెప్పుకుంటున్న" అన్నాడు. ఏం చేసినా నకలు మీదే చేశాడు. రెండు రోజులకు పేర్లు పోయిన గొంతులు చాలా దొరికాయి. ఒక్కొక్కటే వింటూ, ఒకచోట ఆగి మమ్మల్ని పిలిచాడు. "మాట కంటే ముందు దగ్గున్నది. గని దగ్గు. గీయనేనా?"

ఆయనే. తలుపు పట్టుకుని నిలబడ్డాను. పెద్దమనుషుల ముందు ఆ గొంతు వినిపిస్తే మరిది తలెత్తలేదు. ఇప్పుడు దినం తప్పి దినం బావి మోటారు నేనే వేసుకుంటున్నాను.

అట్లాంటి సారుకు ఛాతీలో నొప్పి వస్తే డాక్టర్లు ఏం చేశారు? ఒకడు గ్యాసన్నాడు, గోళీ ఇచ్చాడు. ఇంకొకడు సూది వేశాడు. మూడో చోట గ్లూకోజు ఎక్కించారు. ఆ ముగ్గురిలో ఒక్కడైనా గుండె ఎట్లా కొట్టుకుంటుందో మిషను పెట్టి చూడలేదు. వరంగల్ పెద్ద దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే అయిపోయింది. పరామర్శకు పోతే "రాత గట్లున్నది అవ్వా" అన్నారు. ఎవరి రాత? ఒక ఇనుప ముక్కకు ఆయన ఇచ్చిన ఓపిక ఆయనకు ఎవరూ ఇవ్వలేదు. నేనుంటే ఆ ఎర్ర సిరా కాగితం తెచ్చి ఆయన ఛాతీ మీద అంటించేదాన్ని. ముందు చూడున్రి, తర్వాత ముట్టున్రి అని అరిచేదాన్ని.

పాత డిస్కు మా ఇంట్లో గూట్లో ఉంది. దాని మీది కాగితం అంచులు లేచాయి, సిరా కొంచెం వెలిసింది. ఈ లోకంలో నాకు చదవడం వచ్చిన మాట అదొక్కటే. పొద్దున గూడు తుడిచేటప్పుడు గుడ్డ దాని దాకా పోయి ఆగుతుంది. చుట్టూ తుడిచి, దాని మీది దుమ్మును అట్లాగే ఉంచుతున్నాను.